ఇంటి గోల్ఫ్ సిమ్యులేటర్‌కు చట్రం: ఏ గొట్టం, ఏ కీలు, ఏ దారి

గదిలో కొట్టిన బంతి వేగాన్నీ దిశనూ భ్రమణాన్నీ ఒక పరికరం కొలిచి, ఆ బంతి నిజమైన మైదానంలో ఎంత దూరం పోయి ఎక్కడ పడేదో ఎదుటి తెరపై చూపించే ఏర్పాటును గోల్ఫ్ సిమ్యులేటర్ అంటారు. బంతి దెబ్బను కాచుకొనే ఆ తెరనూ, దానికి ఇరుపక్కలా పైనా వేలాడే గుడ్డ గోడలనూ కలిపి ఎన్‌క్లోజర్ అనీ, వాటన్నిటినీ పట్టి నిలిపే గుంజలూ దూలాల కూర్పును చట్రం అనీ ఈ అధ్యాయంలో వ్యవహరిద్దాం. 1876లో స్థాపించిన బెంగళూరు గోల్ఫ్ క్లబ్బూ, దొమ్లూరు దరి కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానమూ ఉన్న నగరంలో, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన అదితి అశోక్ ఆట నేర్చిన నగరంలో, ఈ ఆటపై మోజు పుట్టడానికి వేరే కారణాలు అక్కర్లేదు. అయితే క్లబ్బు సభ్యత్వం దొరకడం కష్టం. దొరికినా ఆఫీసు ముగించుకొని ఔటర్ రింగ్ రోడ్డు దాటి మైదానం చేరేసరికి వెలుతురు ఉండదు. అందువల్ల మూడో పడకగదినో కారు షెడ్డునో సాధన స్థలంగా మార్చుకోవాలన్న ఆలోచన చాలామందికి సహజంగానే వస్తుంది. ఖర్చులో సింహభాగం కొలిచే పరికరానికీ ప్రొజెక్టరుకూ పోగా, చట్రం చివరి నిమిషంలో, మిగిలిన డబ్బుతో, దొరికిన గొట్టంతో ముగుస్తుంది. తెర నడుము కుంగి బొమ్మ వంకరపోయిందన్న ఫిర్యాదుకు మూలం చాలావరకు అక్కడే ఉంటుంది.

బంతిని ఆపగలిగేంత బలమైన లోహం ఏది? చట్రం కొనబోయే ప్రతివారూ ముందుగా వేసే ప్రశ్న ఇదే, తప్పుదారి పట్టించే ప్రశ్న కూడా ఇదే. నిబంధనల ప్రకారం గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదు. ఒక మోస్తరు ఆటగాడు డ్రైవరుతో, అంటే దూరం కోసం వాడే అతి పొడవైన కర్రతో కొడితే, అది సెకనుకు దాదాపు 60 మీటర్ల వేగంతో దూసుకుపోతుంది, దాని శక్తి సుమారు 83 జౌళ్లు ఉంటుంది. ఆ శక్తిని మింగవలసింది తెర. వెనక్కి సాగి, అంచుల్లోని బంగీ తాళ్లను, అనగా సాగే గుణమున్న రబ్బరు తాళ్లను లాగి, నెమ్మదిగా యథాస్థితికి రావడం ద్వారా తెర ఆ పని చేస్తుంది. చట్రం బాధ్యత వేరు: నులక మంచం పట్టెలు నులక లాగుడుకు లోపలికి వంగకుండా నిలిచినట్లే, తెర నాలుగు వైపుల నుంచీ లాగుతున్నా వంగకుండా నిలవడం దాని పని. కనుక పదార్థాన్ని ఎంచుకోవలసింది అది ఎంత గట్టిదని కాదు, ఎంత తక్కువ వంగుతుందని. ఆ తరువాత మూలల్లో ఎలా కలుస్తుందని. ఆపైన, చాలామంది మరిచిపోయే సంగతి, అది ఆ గదిలోకి ఏ దారిన వస్తుందని.

1. గదిని కొలిచిన తరువాతే గొట్టం సంగతి ఎత్తాలి.

2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి నివాస గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు, అంటే సుమారు 9 అడుగులు ఉండాలంటుంది. ఆ కనీసాన్ని కాస్త దాటి ఆగిన గదులు ఫ్లాట్లలో కొల్లలు, పైగా ఫాల్స్ సీలింగ్ ఉంటే అందులోనూ కొంత పోతుంది. డ్రైవరుతో ఊపడానికి 10 అడుగులు ఉంటే నిశ్చింత. 9 అడుగుల గదిలో పొడగరి ఆటగాడు పొట్టి కర్రలకే పరిమితం కావలసి రావచ్చు. కాబట్టి చట్రానికి ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే, సీలింగ్ ఫ్యాన్ విప్పించి, బంతి పెట్టే చోట నిలబడి, ఇంట్లోవాళ్లను దూరంగా ఉంచి, కర్రను మెల్లగా పూర్తిగా ఊపి చూడాలి. తరువాత వెడల్పు, ఎత్తు, లోతు కొలవాలి. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు, అయిదు అడుగుల లోతు ఇళ్లలో సాధారణంగా కనిపించే కొలతలు. తెరకూ వెనక గోడకూ మధ్య కనీసం అడుగు ఖాళీ ఉండాలి. లేకుంటే సాగిన తెర గోడకు తగిలి బంతి ఆటగాడి మీదికే తిరిగి వస్తుంది. చట్రానికీ పక్కగోడకూ మధ్య మూడేసి అంగుళాలు వదలకపోతే బోల్టు బిగించే పానా తిరగడానికి చోటుండదు. కాగితం మీద గీసేటప్పుడు ఎవరికీ గుర్తురాని ఈ మూడంగుళాలే బిగించే రోజున ఇంటిల్లిపాదినీ ఇబ్బంది పెడతాయి.

2. పై దూలం పొడవును బట్టి పదార్థాన్ని నిర్ణయించాలి.

చట్రంలో పరీక్షకు నిలిచేది ఒక్క భాగమే: తెర పై అంచును మోసే అడ్డ దూలం. నిలువు గుంజలకు నేల ఆసరా ఉంటుంది, పక్క దూలాలు పొట్టివి. పై దూలానికి మాత్రం రెండు చివరలే ఆధారం. ఒక పదార్థం సాగడానికీ వంగడానికీ ఎంత మొండికేస్తుందో చెప్పే కొలతను భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో యంగ్ గుణకం అంటారు. అది ఉక్కుకు సుమారు 200 గిగాపాస్కల్‌లు, అల్యూమినియానికి 70, పీవీసీకి 3 మాత్రమే. పది అడుగుల దూలం మీద తెర, గుడ్డ, కొక్కేలు అన్నీ కలిపి అయిదు కిలోల బరువు సమంగా పడుతుందనుకొని లెక్కవేస్తే, 32 మిల్లీమీటర్ల పీవీసీ కరెంటు గొట్టం నడిమధ్యలో జానెడు కుంగుతుంది. ఒక అంగుళం బి క్లాస్ జీఐ గొట్టం, అనగా తుప్పు పట్టకుండా జింకు పూత పూసిన మధ్యరకం ఇనుప గొట్టం, తన సొంత బరువుతో సహా సుమారు 6 మిల్లీమీటర్లు కుంగుతుంది. 40 మిల్లీమీటర్ల భుజంతో 2 మిల్లీమీటర్ల మందం ఉన్న చదరపు ఎం.ఎస్. ట్యూబు, అంటే పూత లేని మెత్తని ఉక్కు గొట్టం, దాదాపు అంతే బరువున్నా 3 మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతుంది. అదే భుజం ఉన్న అల్యూమినియం ప్రొఫైల్ సుమారు 5 దగ్గర నిలుస్తుంది. కింది బంగీ తాళ్లను బిగిస్తే ఆ లాగుడు కూడా దూలం మీదే పడి ఈ అంకెలన్నీ పెరుగుతాయి.

ఈ లెక్కలో రెండు పాఠాలున్నాయి. బయటి కొలత ఒకటే అయితే, గుండ్రని గొట్టం కంటే చదరపు గొట్టంలో లోహం మధ్యరేఖకు దూరంగా ఎక్కువ పరుచుకొని ఉంటుంది కాబట్టి, ఒకే బరువుకు అది తక్కువ వంగుతుంది. రెండోది పొడవు సంగతి: సమంగా పడే బరువు కింద దూలం కుంగుబాటు పొడవు నాలుగో ఘాతంతో పెరుగుతుంది, అంటే అడుగుకు అంతే బరువు పడినా 10 అడుగుల దూలాన్ని 12 అడుగులు చేస్తే కుంగుబాటు రెట్టింపవుతుంది, 15 అడుగులు చేస్తే అయిదు రెట్లవుతుంది. యలహంక వైపు విల్లాలో పెద్ద హాలున్న గృహస్థు, పది అడుగులకు సరిపోయిన గొట్టమే పదిహేనుకూ చాలునని మిత్రుడి చట్రాన్ని చూసి అనుకరిస్తే ఏమవుతుంది? తెర నడుము జారి, ప్రొజెక్టరు బొమ్మలో దిగంతరేఖ చిరునవ్వులా వంగుతుంది.

దీనికి చవకైన విరుగుడు కూడా ఇదే సూత్రంలో ఉంది. దూలం మధ్యలో పైకప్పు స్లాబు నుంచి ఒక్క వేలాడు కడ్డీ ఇస్తే, పొడవు సగమైనట్లే లెక్క. కుంగుబాటు పదహారో వంతుకు, ఇంకా తక్కువకు కూడా దిగుతుంది. ఆ కడ్డీ ఫాల్స్ సీలింగ్‌కు కాక అసలు స్లాబుకే దిగాలి. కొత్త టవర్లు కొన్నిటిలో పోస్ట్‌టెన్షన్ స్లాబులు, అంటే లోపల బిగువుగా లాగి ఉంచిన ఉక్కు తీగలతో పోసిన స్లాబులు ఉంటాయి. అలాంటిచోట డ్రిల్లు పెట్టడానికి ముందు భవన నిర్వాహకుల నుంచి తీగల నక్షా తప్పక అడగాలి, ఎందుకంటే ఒక్క తీగ తెగినా నష్టం ఆ ఫ్లాటుతో పోదు.

3. గొట్టం పేరు కాదు, బయటి కొలత అడగాలి.

ఈ విషయంపై అందుబాటులో ఉన్న సూచనల్లో అధికభాగం అమెరికాలో రాసినవి. అవి చాలావరకు ఈఎంటీ గొట్టం వాడమంటాయి. ఈఎంటీ అంటే అక్కడ కరెంటు తీగలు దాచడానికి వాడే పలుచని ఉక్కు గొట్టం. అదే పేరుతో బెంగళూరు ఎస్‌జేపీ రోడ్డు హార్డ్‌వేర్ దుకాణాల్లో అడిగితే పీవీసీ కండ్యూట్ చేతికి రావచ్చు, లేదా జీఐ నీళ్ల గొట్టం రావచ్చు. చిక్కు పేరుతో ఆగదు. ఒక అంగుళం ఈఎంటీ బయటి వ్యాసం సుమారు 29.5 మిల్లీమీటర్లు, ఒక అంగుళం జీఐ గొట్టం బయటి వ్యాసం సుమారు 33.7; మన 25 మిల్లీమీటర్ల కండ్యూట్ బయటి వ్యాసం సరిగ్గా 25. మూడింటినీ అంగుళం గొట్టమనే పిలుస్తారు, కాని ఒకదాని మూలకీలు మరొకదానికి పట్టదు. విదేశం నుంచి బంధువుల చేత మూలకీళ్ల సెట్టు తెప్పించుకొని, ఇక్కడ గొట్టం కొని, రెండూ కలవక దిగాలుపడేవారి పొరపాటు ఇదే. వెర్నియర్ కాలిపర్ ఒకటి జేబులో వేసుకొని వెళ్లడం సిగ్గుపడవలసిన పనేమీ కాదు; కీలునే వెంట తీసుకుపోయి గొట్టానికి తొడిగి చూడడం అంతకంటే మేలు.

జీఐ గొట్టాల మీద రంగు పట్టీలు చూడాలి: పసుపు ఉంటే ఎ క్లాస్ అనగా పలుచనిది, నీలం బి క్లాస్, ఎరుపు సి క్లాస్ అనగా మందమైనది. చట్రానికి నీలం చాలు. ఎం.ఎస్. ట్యూబుల మందాన్ని దుకాణదారులు గేజ్‌లో చెబుతారు. గేజ్ అంకె పెరిగేకొద్దీ మందం తగ్గుతుంది, 14 గేజ్ సుమారు 2 మిల్లీమీటర్లు, 16 గేజ్ సుమారు 1.6. నోటిమాటకంటే తూకం నమ్మదగినది. పైన చెప్పిన 40 మిల్లీమీటర్ల చదరపు ట్యూబు మీటరుకు దాదాపు 2.4 కిలోలు తూగాలి. 6 మీటర్ల నిడివి 14 కిలోలకు పైగా రావాలి. 11 కిలోలే తూగితే ఆ గేజ్ గురించి రెండో ప్రశ్న వేయవచ్చు.

4. కీళ్ల గురించి గొట్టం కంటే ఎక్కువ ఆలోచించాలి.

మూలలో మూడు గొట్టాలు, ఒకటి వెడల్పుకు, ఒకటి ఎత్తుకు, ఒకటి లోతుకు కలుస్తాయి. ప్లంబింగ్ ఎల్బోలు, టీలతో ఆ మూలను కట్టవచ్చునని చాలామంది అనుకుంటారు. మరలు తిప్పి బిగించే గొట్టాన్ని మూసుకొన్న దీర్ఘచతురస్రంలో చివరిగా ఎలా తిప్పుతారు? ఒక చివర బిగుస్తుంటే రెండో చివర వదులవుతుంది; అందుకే నీళ్ల లైనులో యూనియన్, అంటే గొట్టాన్ని తిప్పకుండానే కలిపే కీలు వాడతారు, చట్రంలో అది వికారంగానూ వదులుగానూ ఉంటుంది. జీఐ గొట్టమే వాడదలిస్తే, పక్కనుంచి అలెన్ స్క్రూతో బిగించే పైప్ క్లాంపులు వెతకడం మంచిది.

ఎం.ఎస్. ట్యూబుకు వెల్డింగు సహజమైన కీలు. దృఢత్వంలో దానికి సాటి లేదు. విప్పడానికి మాత్రం వీలుండదు. సొంతిల్లూ, నేల అంతస్తూ, విశాలమైన షెడ్డూ ఉన్నవారికి అది నిశ్చింతగా చెప్పదగిన ఎంపిక. జీఐని వెల్డు చేయించేటప్పుడు కీలు దగ్గర జింకు పూతను ముందుగా గ్రైండరుతో తీసేయించాలి. లేకుంటే జింకు కాలి వచ్చే తెల్లటి పొగ వెల్డరుకు జ్వరం తెప్పిస్తుంది. ఈ పని తలుపులు మూసిన గదిలో కాక ఆరుబయట జరగాలి, తరువాత ఆ చోట జింకు పెయింటు వేయాలి.

అల్యూమినియం ప్రొఫైల్ అంటే నాలుగు ముఖాల మీదా టి ఆకారపు గాడి ఉండే చదరపు కడ్డీ; గాడిలో నట్టు జారవిడిచి, ఎల్ ఆకారపు బ్రాకెట్టుతో ఎక్కడ కావాలంటే అక్కడ బిగించవచ్చు. పీన్యా పారిశ్రామిక వాడలో యంత్రాల కంచెలకూ పనిబల్లలకూ వాడే సరుకే ఇది. కిలో ధర ఉక్కు కంటే ఎక్కువే, బ్రాకెట్ల ఖర్చు దానికి అదనం. కాని అద్దె ఫ్లాట్‌లో ఉండేవారికి, ఏడాది తిరిగేసరికి వైట్‌ఫీల్డ్ నుంచి సర్జాపూర్ రోడ్డుకు మారవలసి వచ్చేవారికి, ఒక్క అలెన్ కీతో విప్పి, కొత్త గది కొలతకు రెండు కడ్డీలు కోయించి మళ్లీ బిగించుకొనే సౌలభ్యం ఆ తేడాకు తగినదే. కర్మాగారాల్లో సరుకు ర్యాకులకు వాడే 28 మిల్లీమీటర్ల లీన్ పైపు కూడా విప్పి కట్టడానికి సులువైనదే, చవకైనది కూడా. దాని గోడ పలుచన కాబట్టి నడిమి కడ్డీ ఆసరా లేకుండా పది అడుగుల దూలంగా వాడకూడదు.

కలప గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. బాగా ఆరిన పైన్ దూలాలు మేకుకూ స్క్రూకూ లొంగుతాయి, వడ్రంగి ఒక్క రోజులో పని ముగిస్తాడు. వానాకాలపు తేమకు మెలితిరగడం, గోడ పక్కన చెద పట్టడం దాని బలహీనతలు. పొడిగా ఉండే పడకగదిలో తప్ప కలపను సూచించడం కష్టం. పీవీసీ విషయానికొస్తే, పిల్లల చిన్న వలకు అది చాలు, సాగదీసిన తెరకు చాలదు. డాబా మీద ఎండకు పెళుసుబారుతుంది కూడా.

5. లిఫ్టు పరీక్ష చేయాలి.

గొట్టాలు 6 మీటర్ల నిడివిలో వస్తాయి. పది అడుగుల ముక్కను ఏడో అంతస్తుకు ఎలా చేర్చాలి? నివాస భవనాల లిఫ్టులో అది మూలగా పెట్టినా సాధారణంగా పట్టదు. మెట్ల మలుపుల్లో తిరుగుతుందో లేదో ఎవరూ ముందుగా చూడరు. తీరా గేటు దగ్గర, సెక్యూరిటీ ఎదుట, హ్యాక్‌సా తెప్పించి దూలాన్ని సరిగ్గా నడిమికి కోసి, పైన సాకెట్‌తో అతికించడం జరుగుతుంది. దూలం మీద వంపు బలం అత్యధికంగా ఉండేది ఆ నడిమధ్యలోనే. కోయక తప్పకపోతే దూలాన్ని ఒక చివరికి దగ్గరగా, మొత్తం పొడవులో నాలుగో వంతు దాటకుండా కోయించి, లోపల బిగుతుగా పట్టే ఉక్కు స్లీవ్‌ను కీలుకు ఇరువైపులా అడుగు చొప్పున దూర్చి బోల్టు వేయాలి. అంతకంటే ముందు, పది అడుగుల వెదురు కర్రనో అంతే పొడవున్న మరో కర్రనో మెట్లమీదుగా ఒకసారి మోసి చూస్తే, కోత అవసరమా కాదా అన్నది పావుగంటలో తేలిపోతుంది.

6. చట్రాన్ని బంతి కంటికి కనబడనీయకూడదు.

గుడ్డ చాటున ఉన్నా ఉక్కు ఉక్కే. గురితప్పిన బంతి నేరుగా గొట్టానికి తగిలితే తన వేగంలో సగానికి పైగా మిగుల్చుకొని, ఏ దిక్కుకైనా తిరిగి రాగలదు. తెరను గొట్టానికి ముందు కాకుండా దూలం వెనక అంచుకు కట్టడం, ముందువైపు గుంజలకూ పై దూలానికీ మందపాటి స్పాంజి తొడుగు వేయడం తప్పనిసరి. ఏసీ మెకానిక్కులు రాగి గొట్టాలకు తొడిగే నల్లని రబ్బరు నురుగు గొట్టం చాలునని కొందరు సరిపెట్టుకుంటారు. అది వేడిని ఆపడానికి చేసినది, దాని మందం డ్రైవరు దెబ్బకు చాలదు. రెండంగుళాల మందం ఉన్న గట్టి ఫోమ్ పలకలను కోసి, రెగ్జిన్ కవరు కుట్టించి తొడగడం ఏ సోఫా పనివాడైనా చేసిపెట్టగలడు. చదరపు ట్యూబుకు మరో సౌలభ్యం ఇక్కడ బయటపడుతుంది: దాని చదునైన ముఖం మీద ఫోమ్ జారకుండా అంటుకొంటుంది, గుండ్రని గొట్టం మీద అది తిరిగిపోతుంటుంది.

ప్రొజెక్టరును చట్రానికి బిగించడం మరో సాధారణ పొరపాటు. ప్రతి దెబ్బకూ చట్రం కంపిస్తుంది, దానితో బొమ్మ కూడా. ప్రొజెక్టరు పైకప్పుకే ఉండాలి. దాని కరెంటు తీగ లోహపు గుంజ వెంట చుట్టుకొని రాకూడదు.

7. మూలమట్టం చూసి, అప్పుడే బిగించాలి.

అన్ని బోల్టులూ ముందు వదులుగా వేసి, గుంజలకు తూకపు గుండు పట్టి, దూలానికి లెవెల్ పెట్టి, ఆపైన ముందు దీర్ఘచతురస్రం కర్ణాలు రెండూ కొలవాలి. 10 అడుగులకు 8 అడుగుల చట్రంలో ప్రతి కర్ణమూ 12 అడుగుల 9 ముప్పావు అంగుళాల దగ్గర ఉండాలి; రెండు కర్ణాల మధ్య తేడా పావు అంగుళం దాటితే చట్రం పక్కకు ఒరిగినట్లే. అది సరిచేశాకే పానా బిగించాలి. ఎం.ఎస్. అయితే బిగించే ముందే రెడాక్సైడు, దాని మీద పెయింటు పడి ఉండాలి. తెరిచి ఉన్న చదరపు గొట్టాల చివరలకు ప్లాస్టిక్ మూతలు కొట్టకపోతే తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. కారు షెడ్డులోనూ డాబా గదిలోనూ జూన్ నుంచి అక్టోబరు దాకా వానజల్లు కొట్టే చోట్ల ఈ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

పాదాల కింద రబ్బరు దిండ్లు వేయడాన్ని అనవసరపు హంగుగా చూడకూడదు. చట్రాన్ని పొరుగు ఫ్లాటుతో పంచుకొనే గోడకు స్క్రూ వేసి బిగిస్తే, ప్రతి బంతి దెబ్బా ఆ గోడలోంచి అవతలివారి పడకగదిలోకి చేరుతుంది. గోడకు తాకకుండా తన కాళ్ల మీద తాను నిలిచే చట్రం ఆ చప్పుడును పూర్తిగా ఆపదుగాని గణనీయంగా తగ్గిస్తుంది. కింది వెనక దూలం మీద ఇసుక సంచులు రెండు పెడితే చట్రం జరగదు కూడా. తొలి వారం పొట్టి కర్రలతో, తక్కువ వేగపు దెబ్బలతో ఆడి, తరువాత ప్రతి బోల్టునూ మరొక మారు బిగించాలి. తెర కొత్తగా సాగి ఉంటుంది కాబట్టి బంగీ తాళ్లను కూడా ఆ సమయంలోనే, పై వరుస నుంచి మొదలుపెట్టి, ఎదురెదురు జతలుగా సర్దాలి. ఒక పక్కవన్నీ ముందు బిగించేస్తే మూలమట్టం మళ్లీ తప్పుతుంది, కర్ణాలు మళ్లీ కొలవవలసి వస్తుంది.